సూరమ్మ కోరుకున్న భయం

పరదేశి పచ్చకామెర్లతో చనిపోయిన ఏడాది వరకు అతని భార్య సూరమ్మకు ఒక్క రకం భయమే తెలుసు. బొబ్బిలి దగ్గరి సొంత ఊళ్ళో గ్రామదేవతకు మొక్కుకున్న కోడిని ఆ ఏడు పంపలేకపోయారు. అందుకే అమ్మవారు అతన్ని తీసుకుపోయిందని అత్తవారి మనుషులు తేల్చారు. ఆమె కాదనలేదు. 1979లో భర్త స్థానంలో రాయపూర్ వ్యాగన్ల మరమ్మతు కార్ఖానాలో ఖలాసీగా చేరింది. ఇనుప రజను ఊడుస్తున్నప్పుడు పైకప్పు రేకు చప్పుడైనా మరో శిక్ష రాబోతున్నదనే అనుకునేది. పిల్లలు లేరు. కార్ఖానా వాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఒక గది క్వార్టరు, పక్క వాటాలో బంగారమ్మ కుటుంబం, అంతే ఆమె లోకం.

ఆమె ఊడ్చే షెడ్డులో పని చేయించే చార్జ్‌మన్ యాకోబ్ పెణ్‌కర్. కొంకణ తీరపు యూదుడు. కాలనీలో కొందరు ఆయనను క్రైస్తవుడనీ, కొందరు ముసల్మాననీ అనుకునేవారు. ఆయన ఎవరినీ సరిదిద్దలేదు. వారి మతంలో సామూహిక ప్రార్థనకు పదిమంది మగవారు కావాలి. రాయపూర్‌లో ఆయనెరిగినంతలో తానొక్కడే. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచే ముందు, ఎదురుగా ఉన్న రైలు పట్టాను చూస్తూ చాలాసేపు కదలకుండా కూర్చునేవాడు.

ఒకరోజు సూరమ్మ చీపురు ఆపి అడిగింది.

"సాబ్, ఎవులికి భయపడి అలా కూకుంతారు? తప్పేటి సేసారు?"

"తప్పు కాదమ్మా, భయం రావటం లేదని కూర్చున్నా" అని వచ్చీరాని తెలుగులో అని, ఆయన నవ్వాడు.

మిగిలినది హిందీలో చెప్పాడు. బొంబాయిలో ఒక వృద్ధ గురువు దగ్గర నేర్చుకున్న సంగతి. తమ మార్మికులు భయాన్ని రెండుగా చూస్తారు. దెబ్బ తగులుతుందన్నది మొదటిది. అందులో మనిషి తలుచుకునేది దేవుణ్ణి కాదు, తన వీపును. దేవుడు ఎంత పెద్దవాడో తెలిసి ఒళ్ళు జలదరించటం రెండోది. అది కోరగానే రాదు. ఒక వస్తువును పట్టుకొని, ఇది దేనినుంచి వచ్చింది, అది మరి దేనినుంచి వచ్చిందని, ఆలోచన ఆగిపోయేదాకా వెనక్కి వెళ్ళాలి.

"ఆగిపోతే?"

"అప్పుడే లేవకూడదు."

ఆమె కూడా ఆ పట్టానే ఎంచుకుంది. పట్టా భిలాయి ఉక్కు కార్ఖానాది, దాని ఖనిజం రాజహరా కొండలది, కొండ ఎర్రమట్టిది, మట్టి? చాలాకాలం అక్కడికి చేరేలోపే మనసు రేషను కొట్టు కిరసనాయిలు వరుసలోకి జారిపోయేది. ఒక వానాకాలపు సాయంత్రం మాత్రం మట్టికి వెనక ఏమీ దొరకలేదు. చేతుల మీది వెంట్రుకలు లేచి నిలిచాయి. అయినా తనకేదో అవుతుందన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. తనే గుర్తుకు రాలేదు.

పెణ్‌కర్ పదవీ విరమణ చేసి ఠాణే వెళ్ళిపోయాక, ఆ జలదరింపు గురించి మాట్లాడటానికి ఆమెకు మనిషి లేకుండా పోయాడు. డ్యూటీ నుంచి వచ్చి, తలుపు వేసుకొని, గోడకు ఎదురుగా పీట వాల్చుకునేది. కిటికీలోంచి చూసినవారు దానికి తమకు తెలిసిన పేరు పెట్టారు: చిల్లంగి, అంటే చేతబడి. బంగారమ్మ మనవరాలికి జ్వరం తగ్గకపోయేసరికి నలుగురు ఆడవాళ్ళు గుమ్మంలోకి వచ్చారు.

"ఓలప్పా, గోడకేసి సూసి ఏటి సదువుతన్నావే?" అంది బంగారమ్మ.

"ఏటీ సదవట్లేదే. దేవుణ్ణి తలుసుకుంతన్నాను."

"దేవుడికి పటం లేదు, దీపం లేదు! మాకు తెల్దనుకున్నావేటి? గుంటకి ఏటైనా అయితే ఊరుకోను. ఆ కూకోడం బంద్ సెయ్యి."

సూరమ్మ మానేసింది. పిల్ల కోలుకుంది. కుళాయి దగ్గర మళ్ళీ ఆమె బిందెకు చోటు దొరికింది. పెళ్ళి పసుపు దంచడానికి పిలుపు వచ్చింది. రోకలి పట్టుకొని అందరితో నవ్వుతూనే, తాను మళ్ళీ వీపును కాచుకుంటున్నదని గ్రహించింది. ఇదివరకు అమ్మవారి దెబ్బ, ఇప్పుడు వీళ్ళది. పట్టా వంక చూసినా అది ఉత్త ఇనుముగానే ఉంది.

మరుసటి వానాకాలంలో పిల్లకు మళ్ళీ జ్వరం వచ్చి, తగ్గింది. ఈసారి సూరమ్మ కూర్చోలేదు కదా అని ఎవరైనా అంటారని ఆమె ఎదురుచూసింది. ఎవరూ అనలేదు.

జ్వరం తగ్గిన వారంలో ఒక సాయంత్రం ఆమె పీటను వరండాలోకి తెచ్చుకుంది. బంగారమ్మ మనవరాలిని చంకనేసుకొని బయటికి వచ్చింది.

"మల్లీ మొదలెట్టావా?"

"మొదలెట్టానే. ఈపాలి తలుపేసుకోను. సూస్తే సూడండి. నువ్వూ కూకో, పీటుంది."

"నాకేటి పని లేదనుకున్నావా?" బంగారమ్మ కొంగు పిల్ల తలమీద కప్పి లోపలికి వెళ్ళిపోయింది. గడియ పడింది. ఆ వరసలో మరో రెండు తలుపులు కూడా మూసుకున్నాయి.

ప్రహరీ అవతల ఖాళీ వ్యాగన్లు సాగిపోతున్నాయి. సూరమ్మ పట్టా దగ్గర మొదలుపెట్టి, భిలాయి దాటి, కొండ దాటి, మట్టిదాకా వెళ్ళింది. ఆ పూట జలదరింపు రాలేదు. ఆమె లేవలేదు.