అత్త పంచిన మాత్రలు

దేవుడు లేడని నేను తిరువూరు సెంటర్లో నిలబడి గొంతు చించుకున్న రోజుల్లో కూడా నా మీద ఎవరూ అంతగా కోప్పడలేదు. పోనీలే, మాస్టారి పిచ్చి మాస్టారిది అని నవ్వుకుని పోయేవారు. మాత్రల్లో సగం ఒట్టివని చెప్పినప్పుడు మాత్రం నన్ను నిలబెట్టి కడిగేశారు.

డెబ్బైల నాటి మాట. ఒక యూనివర్సిటీ వైద్య కళాశాల వాళ్ళు ఉబ్బసానికి కొత్త మందు ఒకటి పరీక్షించదలచుకుని మా ప్రాంతాన్ని ఎంచుకున్నారు. మిరప కల్లాల ఘాటో, మామిడి పూతో, రోడ్ల మీది దుమ్మో, కారణమేదైనా మా వైపు పిల్లికూతలతో ఎగపోసేవాళ్ళకు కొదవ లేదు. ఆ పని మీద వచ్చిన డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. బెజవాడ బస్సు దిగి నేరుగా హైస్కూలుకు వచ్చి, తెలుగు మాస్టారు ఎవరని వాకబు చేసి నన్ను పట్టుకుంది. పరీక్ష మొదలుపెట్టకముందే సంగతంతా జనానికి వాళ్ళ మాటల్లో చెప్పాలట. ఆమె చదువు ఇంగ్లీషులో సాగింది. మందు లేని ఉత్తుత్తి మాత్రను వాళ్ళు ప్లాసిబో అంటారట, ఆ మాటకు తెలుగేమిటని అడిగింది. నాకూ తెలియదు. ఇద్దరం కాసేపు తర్జనభర్జన పడి 'ఒట్టి మాత్ర' అని ఖాయం చేశాం.

ఆ పని నాకు పండగలా అనిపించింది. అప్పటిదాకా నేను చేసిన వాదాలన్నీ నోటి వాదాలే. తాయెత్తు కట్టినవాడు తన వల్లే తగ్గిందనేవాడు. దానంతటదే తగ్గిందని నేననేవాణ్ణి. ఎవరి గొంతు పెద్దదైతే వాడు గెలిచేవాడు. ఇప్పుడు నిజం తేల్చే దారి బస్సెక్కి మా ఊరొచ్చింది. సగం మందికి మందు ఇస్తారు. మిగతా సగానికి, చూడటానికి అచ్చం అలాగే ఉండే ఒట్టి మాత్ర ఇస్తారు. ఎవరికి ఏదన్నది చీటీలు తీసినట్టు తేలుస్తారు. మింగేవాళ్ళకు తెలియదు, చేతికిచ్చే డాక్టరమ్మకూ తెలియదు. ఆ రహస్యం కళాశాలలో ఒక్కరి దగ్గరే ఉంటుంది. చివరికి రెండు జట్లనూ పక్కపక్కన పెట్టి చూస్తారు. తేడా కనిపిస్తే మందు నిలుస్తుంది, లేకపోతే పోతుంది. ఇంతకంటే నిజాయితీ గల వాదాన్ని నేనెరగను.

మొదటి అభ్యంతరం మా ఇంట్లోనే లేచింది. మా మేనత్త మా దగ్గరే ఉండేది. చలికాలం వస్తే ఆమె పడుకోలేదు. గోడకు ఆనుకుని, ఒళ్ళో దిండు పెట్టుకుని, కూర్చునే తెల్లవార్చేది. అందరిలా నడుం వాల్చి నిద్రపోవాలి, అదొక్కటే ఆమె కోరిక.

"ఆ డాక్టరమ్మ నీకు తెలిసినావిడే కదరా. నాకు అసలుది ఇమ్మని చెప్పు" అంది.

"ఏది అసలుదో ఆవిడకే తెలియదత్తా."

"ఏమిస్తుందో తెలియకుండా ఇచ్చే డాక్టరేంట్రా? ఇంకెందుకంట అంత చదువు?"

తెలిసినా అడగనన్నాను. ఎవరి మనుషులకు వాళ్ళు అసలుది ఇప్పించుకుంటూ పోతే ఇక పరీక్ష ఎక్కడుంటుందని చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను.  ఆ పూటంతా ఆమె నాకు చెప్పాల్సినవన్నీ గోడకు చెప్పింది.

సభ హైస్కూలు వరండాలో పెట్టాం. విస్సన్నపేట నుంచి, రెడ్డిగూడెం నుంచి కూడా వచ్చారు. నేను సగం సగం సంగతి చెప్పానో లేదో, వినగడప రైతు ఒకాయన లేచాడు.

"అంటే బంతిలో కూర్చోబెట్టి నాకు బూరె వేస్తారు, పక్కవాడికి బూరెలా ఉండే పిండిముద్ద వేస్తారు. పైగా అది పిండిముద్దని వాడికి తెలియకూడదు. అంతేనా మాస్టారూ?"

వరండా గొల్లుమంది. నవ్వు అయిపోయాక కోపం మొదలైంది. మా వైపు బంతి భోజనమంటే ఆషామాషీ కాదు. వరసలో ఎన్ని విస్తళ్ళుంటే అన్నిట్లోనూ అదే వడ్డన పడాలి. ఒక్క విస్తరి దాటేసినందుకు పెళ్ళిళ్ళలో అలిగి బళ్ళు కట్టించుకున్నవాళ్ళున్నారు. నా శాస్త్రం వెళ్ళి వాళ్ళ మర్యాదకు అడ్డం పడింది. అక్కడ ఆగి ఆలోచించాల్సింది పోయి, నేను రెచ్చిపోయి కార్యకారణ సంబంధం మీద సుదీర్ఘంగా మాట్లాడాను. ముందు వరసలో లేచిపోవడానికి కండువాలు భుజాల మీదికెక్కాయి.

సభను నిలబెట్టింది బస్టాండు దగ్గర కుట్టుమిషను పెట్టుకున్న సాయిబు గారు. ఆయనదీ ఉబ్బసమే. మాట మాటకూ ఊపిరి తీసుకుంటూ నన్ను వదిలేసి డాక్టరమ్మనే అడిగాడు. ఇప్పుడు వాడుతున్న మందు మానెయ్యాలా? అక్కర్లేదంది. మధ్యలో పడకపోతే? ఎప్పుడైనా మానెయ్యొచ్చు, ఎందుకు మానేశారని ఎవరూ కోప్పడరంది. అడగకుండానే ఇంకో మాట కూడా చెప్పింది. కొందరికి గుండె దడగా ఉండొచ్చట, చేతులు వణకొచ్చట.

"చేతులు వణికితే నేను కుట్టిన చొక్కాలు మీరే తొడుక్కోవాలమ్మా" అన్నాడాయన. తర్వాత అసలు ప్రశ్న వేశాడు. "మందు పనిచేసిందనుకోండి. ఒట్టివి మింగినవాళ్ళ సంగతేంటి?"

"పరీక్ష అవ్వగానే ముందు వాళ్ళకే ఇస్తామండి. ఊరికే."

సాయిబు గారు వినగడప రైతు వైపు తిరిగాడు. "రెండో బంతి ఉందంట. కూర్చో."

ఆయన కూర్చున్నాడు. కండువాలు దిగాయి.

సీసాలు ఇచ్చేటప్పుడు డాక్టరమ్మ మరో సంగతి విడమరిచి చెప్పింది. పరీక్షలో ఎప్పుడో ఒకప్పుడు అందరూ ఒట్టివే మింగాల్సి రావచ్చు, ఎప్పుడన్నది మాత్రం ముందుగా చెప్పను, ఇష్టమైతేనే తీసుకోండి అంది. అందరూ తలలూపారు. మళ్ళీ వస్తానని వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకు ఒక ఉదయం వసారాలో అత్త మంచం మీద నడుం వాల్చి నిద్రపోతోంది. చలికాలంలో ఆమెను అలా చూసి ఎన్నేళ్ళయిందో. లేచాక ఆగలేక అనేశాను, నీకు అసలుదే పడినట్టుందత్తా అని.

"నాకొక్కదానికి పడటమేంట్రా? అందరికీ పడింది" అంది గర్వంగా.

తిరువూరులో సీసాలు తీసుకున్నవాళ్ళందరినీ మా వసారాకు పిలిపించిందట. అందరి మాత్రలూ పెద్ద పళ్ళెంలో గుమ్మరించి, బాగా కలిపి, ఎవరి వాటా వాళ్ళకు సమానంగా పంచిందట. ఇక ఎవరి విస్తరీ ఖాళీ లేదు, ఎవరి ఉసురూ తగలదు. అందరికీ కాస్తో కూస్తో తగ్గిందట కూడా.

 ఊరివాళ్ళను ఒప్పించి కట్టిన పరీక్షను మా ఇంటి పళ్ళెంలోనే కలిపేశారు.

డాక్టరమ్మ వచ్చినప్పుడు అందరినీ మా వసారాలోనే కూర్చోబెట్టి, జరిగింది నేనే చెప్పాను. ఆమె మొదట నిర్ఘాంతపోయింది. తర్వాత కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. తేరుకుని, మొదటి విడత సీసాలన్నీ ఒట్టివేనని బయటపెట్టింది. మందు మొదలెట్టక ముందు ఎవరి ఆయాసం ఎంతో, ఎవరు క్రమం తప్పకుండా మింగుతారో చూసుకోవడానికి అలా ఇచ్చారట. మందూ ఒట్టివీ విడదీసే చీటీలు ఇంకా తియ్యనే లేదు, కాబట్టి చెడిపోయిందేమీ లేదంది.

ఎవరూ నవ్వలేదు. అందరూ అత్త వైపు చూశారు. ఆమె లేచి లోపలికి వెళ్ళిపోతే ఆ వెనకే అందరూ లేస్తారని నాకు తెలుసు.

"అయితే నేను పడుకున్నది అబద్ధమా అమ్మా?" అంది అత్త.

 అప్పటిదాకా, తగ్గిందని చెప్పినవాణ్ణల్లా భ్రమపడ్డావని కొట్టిపారేసేవాణ్ణి. మంచం మీద నిద్రపోయిన మనిషిని నా కళ్ళతోనే చూశాను మరి.

"అబద్ధం కాదండి, నిజంగానే పడుకున్నారు" అంది డాక్టరమ్మ. "ఒట్టి మాత్రకే మీకింత తగ్గితే, మా మందు ఇంతకంటే ఎక్కువ తగ్గించాలి కదా. లేకపోతే అదెందుకు? అది తేలాలంటే కొందరు మందు మింగాలి, కొందరు ఒట్టివి మింగాలి. మళ్ళీ కలిపేశారంటే ఎప్పటికీ తేలదండి."

 అత్త కొంగుతో మొహం తుడుచుకుంది.

"సరే, కలపను. ఎవరినీ కలపనివ్వను. కానీ ఒక మాట. మీ మందు పనికిరాదని తేలి, ఒట్టివే నాకు నిద్ర పట్టించాయనుకోండి. అప్పుడు అవైనా కాసిని ఇచ్చి పోతారా?"

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను సాయిబు గారి వైపు చూశాను. దీనికి జవాబు కళాశాలలో పెద్దవాళ్ళనడిగి చెప్తానని ఆమె నిజాయితీగా ఒప్పుకుంది. అడిగి చెప్పమని అత్త కొత్త సీసా కోసం చెయ్యి చాచింది. ఆమె వెనక సాయిబు గారు, ఆయన వెనక మిగతావాళ్ళు.