అంగుళం మాస్టరుగారి మిగులు

ఆసుపత్రులకూ బడులకూ యూనిఫారాలు కుట్టి పంపే ఒక కర్మాగారంలో, కత్తిరింపు బల్ల దగ్గర ఇరవై ఎనిమిదేళ్ళుగా నిలబడి పనిచేస్తున్న మనిషిని అందరూ అంగుళం మాస్టరు అంటారు. నలభై వరసల గుడ్డను ఒకదానిమీద ఒకటి ముడత లేకుండా పరచి, పైన కొలతల కాగితం అంటించి, ఆ గీతల వెంట కరెంటు కత్తిని నడిపించడం ఆయన పని. కాలరు ముక్కకూ జేబు ముక్కకూ నడుమ అంగుళం గుడ్డ వృథాగా కనిపించిందా, ఆ పూట ఆయనకు అన్నం సయించదు. కాగితం చింపించి మళ్ళీ గీయిస్తాడు. యజమానులు మారారు, కత్తులు మారాయి, ఆయన పట్టింపు మాత్రం మారలేదు.

అటువంటి మనిషి నలభై తొమ్మిదేళ్ళు నిండిన ఏడాది, ఒక సెలవు రోజు ఉదయం బ్యాంకు కాగితాలు ముందు వేసుకొని కూర్చొని, అంతవరకూ తన కళ్ళబడని ఒక సత్యాన్ని గ్రహించాడు. ఇంటి అప్పు తీరేనాటికి తనకు అరవై ఒకటి దాటుతుంది. కర్మాగారమో, యాభై ఎనిమిది నిండగానే దండ వేసి ఇంటికి పంపుతుంది. నడుమ మూడేళ్ళు. జీతం లేని ఆ మూడేళ్ళూ నెలకు పన్నెండువేల వాయిదా ఎవరు కడతారు? మూడో అంతస్తులో రెండు గదులు, ఒక వంటగది, బట్టలారేసుకొనేందుకు చాపంత వసారా. ఇంతే ఆ ఇల్లు. కానీ అద్దె గదుల్లో పదిసార్లు సామాను మోసినవాడికి అదే రాజభవనం. అది ముదిమిలో చేజారడమంటే ఆయనకు ఊపిరి జారడంతో సమానం.

"కత్తిరించాలి," అన్నాడు భార్యతో.

"దేన్ని?" అన్నదామె, స్టవ్ మీద పాలు పొంగకుండా చూసుకొంటూ.

"అన్నిటినీ."

అన్నమాట ప్రకారం అన్నిటినీ కత్తిరించారు. వార్తాపత్రిక మానేశారు, కర్మాగారం గేటు దగ్గర కాపలావాడు చదివి పారేసినది ఆయన చదివేవాడు. బస్సు మానేసి పాతిక నిమిషాల నడక మొదలుపెట్టాడు. సబ్బు అరిగి రేకులా మిగిలితే దాన్ని కొత్త సబ్బు వీపుకు అంటించేవారు. క్షౌరశాల మానేసి తల భార్యకు అప్పగించాడు. మొదటిసారి ఆమె కత్తెర పట్టిన మరునాడు, కుట్టుబల్లల దగ్గరి ఆడవాళ్ళంతా, "మాస్టారూ, కొలతల కాగితం అంటించకుండానే కోశారా?" అని నవ్వి చంపారు. పదహారేళ్ళ కూతురు ఒకనాడు ఫ్రిజ్ తలుపు తెరచి పట్టుకొని నిలబడి, "నాన్నా, ఇందులో లైటు దానంతటదే వెలుగుతోంది. దీన్ని కూడా మందలించు," అన్నది. ఆయన నవ్వలేదు. ఆ బల్బు విప్పవచ్చునా అని ఆలోచించాడు.

ఆ ఊపులోనే మరొక పని కూడా చేశాడు. ఖాతా వివరాలు కాగితంమీద పంపినందుకూ, డబ్బు కోతపడినప్పుడల్లా ఫోనుకు సందేశం పంపినందుకూ బ్యాంకువారు ఏటా కొంత రుసుము పుచ్చుకొంటున్నారని తెలిసి, ఆ రెంటినీ మాన్పించాడు. "మన అప్పు సంగతి మనకు ఒకడు చెప్పాలా, పైగా డబ్బిచ్చి చెప్పించుకోవాలా?" అన్నాడు. ఇంట్లో ఎవరూ కాదనలేదు.

ఇంటి లెక్క నడిచే తీరు ఇది. ఆయన జీతం కోసిన ముక్కల సంఖ్యనుబట్టి నెలకొక తీరుగా వచ్చి ఖాతాలో పడేది. అయిదో తేదీన వాయిదా దానంతటది వెళ్ళిపోయేది. మిగిలినది భార్య తెచ్చి ఇల్లు నడిపి, నెలాఖరున చేతిలో ఉన్నది బీరువామీది బిస్కట్ల డబ్బాలో వేసేది. ఏడాది తిరిగేసరికి ఆ డబ్బా సొమ్మంతా ఆయన తీసుకొనిపోయి బ్యాంకులో అసలుకు జమకట్టి, వాళ్ళిచ్చిన ఫారం నింపి వచ్చేవాడు.

చిక్కు రెండో ఏట మొదలయింది. నోటుపుస్తకంలో ఆయన వేసుకొన్న లెక్క ప్రకారం, మానేసిన ఖర్చులన్నీ కలిపి నెలకు రెండువేల నాలుగువందలు మిగలాలి. మొదటి ఏడు సరిగ్గా అంతే మిగిలింది. రెండో ఏడు నెలకు మూడున్నర వందలు ఎక్కువ వచ్చింది. మూడో ఏడు ఏడువందల యాభై దాటింది. నాలుగో ఏడు వెయ్యీ రెండువందల ఎనభై. ధరలు పెరిగాయి, కూతురు కాలేజీలో చేరింది, కొత్తగా మానుకోవడానికి ఏమీ మిగలలేదు. తరగవలసిన మిగులు పెరుగుతున్నది. డబ్బు తక్కువైతే ఎవరైనా వెదుకుతారు. ఎక్కువైతే ఎక్కడ వెదకాలి? ఆయన నోటుపుస్తకం పై నుంచి కిందికీ, కింది నుంచి పైకీ కూడాడు. రెండు దారుల్లోనూ రెండువేల నాలుగువందలే వచ్చింది.

అప్పుడాయన మనసులో ఒక అనుమానం పురుగులా దూరింది. ఈవిడ తన ఒంటిమీద కోస్తున్నదేమో! ఆమె రోజూ పరగడుపున థైరాయిడు మాత్ర వేసుకోవాలి. ఒకరోజు ఆమె కూరగాయలకు వెళ్ళినప్పుడు మాత్రల అట్టలు తీసి లెక్కపెట్టాడు. సరిగ్గా ఉన్నాయి. పోనీ, తిండి మానుతున్నదా? పక్కన కూర్చొని ఆమె కంచం వైపు చూస్తే, "ఏమిటండీ ఆ చూపు? ఉప్పు ఎక్కువైందా?" అన్నది. అన్నం తనకంటే ఎక్కువే తిన్నది. ఇక మిగిలింది పుట్టింటివైపు. ఆమె అన్న బస్సు డిపోలో సామాన్ల గది చూస్తాడు. ఆయన దగ్గర గుట్టుగా పుచ్చుకొంటున్నదా? అదే నిజమైతే, ఒక అప్పు తీర్చడానికి మరొక అప్పు చేస్తున్నట్లే కదా!

మాస్టరు పనినుంచి తిరిగివస్తూ డిపోకు వెళ్ళి బావమరిదిని పక్కకు పిలిచాడు.

"ఒక్క మాట, బావా. దాచకుండా చెప్పు. మా ఇంటావిడ నీ దగ్గర డబ్బేమైనా తీసుకొంటున్నదా?"

"నా దగ్గరా? బావగారూ, మీ ఇంటికొస్తే టీలో చక్కెర పలుకులు లెక్కపెట్టి వేస్తున్నారు. మీరు నా దగ్గర తీసుకోవడమేమిటి, నేనే మీ దగ్గర ఓ పదివేలు అడుగుదామని నెల్లాళ్ళనుంచీ నోరు నొక్కుకొంటున్నా."

"వేళాకోళం కాదు. డబ్బాలో డబ్బు ఎక్కువుంది."

"ఎక్కువుంటే?"

"ఎక్కడినుంచి వచ్చిందో తెలియడంలేదు."

"కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకు పుడతాడన్నారు. ఊరుకొని దాచుకోండి."

"నడిచొచ్చినవాడు ఎవరి కొడుకో తెలుసుకోవద్దూ?"

బావమరిది ఆయన ముఖంలోకి తేరిపార చూశాడు. "డబ్బు పోయి తల పట్టుకొన్నవాళ్ళను చాలామందిని చూశాను. వచ్చి తల పట్టుకొన్నవాణ్ణి మిమ్మల్నే చూస్తున్నా."

ఈ సంభాషణ అదే సాయంకాలం చెల్లెలి చెవినపడింది. తెల్లవారి ఆయన మంచినీళ్ళకని వంటగదిలోకి వెళ్ళేసరికి ఆమె చేతిలో అట్లకాడతో ఎదురుచూస్తున్నది.

"మా అన్న దగ్గర నేను చేయి చాస్తున్నానని కనుక్కొన్నారట?"

"చాస్తున్నావని కాదు... చాస్తున్నావేమోనని."

"ఆహా! మరి నేను మీ గురించి ఏమనుకొన్నానో చెప్పనా? మధ్యాహ్నం అందరూ అన్నాలకు లేస్తే మీరు మాత్రం కత్తి దించడంలేదని. ఆ గంటా ముక్కలు కోసి కూలి పెంచుకొంటున్నారని. రెండేళ్ళుగా మీ కుడి మణికట్టు ఎందుకు పట్టేస్తోందో నాకు తెలియదనుకొన్నారా?"

"మణికట్టు వయసుకు పట్టేసింది. అన్నం వేళకు కత్తి కరెంటే ఆపేస్తారు. పట్టుకొన్నా కోయదది!"

"నిజంగా?"

"నీ తోడు. అంత అనుమానముంటే అడగలేదెందుకు?"

"అడిగితే మీరు అబద్ధమాడతారని. ఆడిన అబద్ధం నేను నమ్మినట్లు నటించాలని. ఇంత పనిలో ఆ పని కూడానా!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకొన్నారు. ఆమె చేయలేదు, ఈయన చేయలేదు. డబ్బా మాత్రం నిండింది. కాలేజీకి బయలుదేరుతున్న కూతురు చెప్పులు తొడుక్కొంటూ, "ఇలా ఒకరినొకరు కాపలా కాసే బదులు బ్యాంకుకు వెళ్ళి అడగొచ్చుగా? ఎలాగూ ఈ వారం కట్టాలిగా," అని వెళ్ళిపోయింది. ఇంత తేలిక ఉపాయం తమకెందుకు తోచలేదో ఇద్దరికీ అర్థంకాలేదు.

ఆ ఏటి డబ్బా సొమ్ము నలభై నాలుగువేలు సంచిలో పెట్టుకొని ఇద్దరూ వెళ్ళారు. అప్పుల బల్ల దగ్గర కళ్ళజోడు గొలుసుకు తగిలించుకొన్న అధికారిణి ఒకామె కూర్చొని ఉన్నది. మాస్టరు ముందుగా తన ప్రాణానికి ముఖ్యమైన ప్రశ్న అడిగాడు.

"మా అప్పు ఎప్పటికి తీరుతుందమ్మా?"

ఆమె తెర చూసి, "ఇంకా ఎనిమిదేళ్ళుందండీ," అన్నది.

మాస్టరు చెవులు తనవేనా అని సందేహించాడు. నాలుగేళ్ళ కిందట పన్నెండేళ్ళుండేది. నాలుగు పోతే ఎనిమిది. బడిపిల్లవాడి లెక్క అది. మరి తాము కట్టినదంతా ఏమయినట్లు?

"ఏటా కట్టానమ్మా. రసీదులున్నాయి."

"కట్టారు. అన్నీ జమపడ్డాయి. అందుకేగా వాయిదా పన్నెండువేల నుంచి పదివేల ఏడువందల ఇరవైకి దిగింది! మీకు తెలియదూ?"

"ఎప్పుడు దిగింది?"

"మీరు కట్టినప్పుడల్లా దిగింది. సందేశం వచ్చుండాలే... ఓహో, మీరు సందేశాలు వద్దన్నారు. కాగితం కూడా వద్దన్నారు."

మాస్టరు భార్య వేళ్ళమీద ఏదో లెక్కపెట్టి, "ఏమండీ, పన్నెండువేలలో పదివేల ఏడువందల ఇరవై పోతే వెయ్యీ రెండువందల ఎనభై. మన డబ్బాలో దెయ్యం వేసినది అంతే కదూ?" అన్నది మెల్లగా.

అధికారిణి పాత ఫారాలు మూడూ తీసి బల్లమీద పరచింది. ప్రతిదానిలోనూ రెండు గడులున్నాయి. ఒకటి వాయిదాల సంఖ్య తగ్గించడానికి, రెండోది వాయిదా మొత్తం తగ్గించడానికి. మూడింటిలోనూ రెండో గడిలోనే, గీత చెదరకుండా, టిక్కు. కింద ఆయన సంతకం.

"తొందరగా తీరాలన్నవారు మొదటి గడి కదండీ ఎంచుకోవాలి?" అన్నదామె.

"ఒక్కసారంటే పొరబాటు. మూడుసార్లూ ఇదే ఎందుకు పెట్టారండీ?" అన్నది భార్య.

మాస్టరు ఫారాల అంచులు వేలితో సరిచేశాడు. ఎందుకు పెట్టాడో ఆయనకు స్పష్టంగా తెలుసు. చెప్పడమే కష్టంగా ఉన్నది.

"నాకు పని నేర్పినవాడు మొదటిరోజు చెప్పిన మాటమ్మా. బట్టకు పొడవు కోస్తే తిరిగి రాదు, దాని జోలికి పోకు. పక్కల్లో మడిచి కుట్టు, రేపు కావాలంటే విప్పుకోవచ్చు అని. ఈ కాగితం చూస్తే ఏళ్ళు పొడవనిపించింది, వాయిదా వెడల్పనిపించింది. చేయి పొడవు మీదికి పోలేదు."

అధికారిణి నవ్వు ఆపుకోవడానికి కళ్ళజోడు తుడుచుకొన్నది. భార్య ఆపుకోలేదు. కొంగు నోటికి అడ్డంపెట్టుకొని భుజాలు కదిలేట్లు నవ్వింది. నవ్వుతున్నదో ఏడుస్తున్నదో ఆయనకు పోల్చుకోవడం కష్టమయింది.

"అయితే నాలుగేళ్ళ కత్తిరింపూ బూడిదలో పోసిన పన్నీరేనా?" అన్నాడు.

"కాదండీ. తగ్గిన వాయిదా సొమ్మును మీరు ఖర్చుపెట్టి ఉంటే నష్టమే. మీరు దాన్ని కూడా డబ్బాలో వేసి తిరిగి మాకే కట్టేశారు. అందుకని దాదాపు నష్టం లేదు."

"తప్పు గడిలో పెట్టినా నష్టం లేదా?"

"లేదు."

"మరి నేను చేసింది తప్పా, ఒప్పా?"

"కంప్యూటరులో ఆ గడి లేదండీ," అని ఆమె లెక్కలో పడింది. వాయిదా, డబ్బా కలిపి వాళ్ళు నెలకు తీస్తున్నది పద్నాలుగువేల నాలుగువందలు. ఇవాళ్టి సొమ్ము జమచేసుకొని, ఇకనుంచి వాయిదానే అంతకు పెంచితే, అప్పు సరిగ్గా అరవై నెలల్లో తీరుతుందని చెప్పింది.

మాస్టరు పెదవులు కదిలాయి. ఉద్యోగం ఇంకా యాభై ఎనిమిది నెలలున్నది. రెండు నెలలు మించిపోతున్నది. అప్పు గడువు తగ్గుతున్నదనుకొని నాలుగేళ్ళు గడిపిన మనిషికి, మూడేళ్ళ గొయ్యి పూడి రెండు నెలల గుంట మిగలడం సంతోషించవలసిన విషయమో, దిగులుపడవలసిన విషయమో తేలలేదు. అలవాటుగా చేయి జేబులోని నోటుపుస్తకం మీదికి పోయింది.

"ఆ రెండు నెలలూ కూడా కోసేయొచ్చు. సాయంకాలం టీ మానేస్తే... వారానికి రెండుసార్లే వంటగ్యాసు..."

"పుస్తకం లోపల పెట్టండి," అన్నది భార్య. "ఇంక కోయడానికి నేనూ అమ్మాయీ మిగిలాం. మూడేళ్ళకు భయపడి ఇంత చేశాం. రెండు నెలలకు కూడా భయపడితే మనకు వేరే పనేముంది? ఆ రెండు నెలలూ అప్పుతోనే ఉందాం. ఊళ్ళో అందరూ ఉండడంలేదూ?"

"ఆ రెండు వాయిదాలూ ఎక్కడినుంచి వస్తాయి?"

"వెళ్ళేటప్పుడు కర్మాగారంవాళ్ళు చేతిలో పెట్టేదాంట్లోంచి. రెండంటే రెండు. లెక్క నాది."

ఆయన పుస్తకాన్ని తిరిగి జేబులోకి దించాడు. అధికారిణి కొత్త ఫారం ముందుకు జరిపింది. ఆయన కలం తీశాడు; కలం గడి మీద ఆగి, పక్కకు జరిగి, మళ్ళీ ఆగింది.

"ఇలా తెండి. టిక్కు నేను పెడతాను, సంతకం మీరు పెట్టండి," అని భార్య కలం అందుకొని మొదటి గడిలో గట్టిగా ఒక టిక్కు పెట్టింది. ఆయన కింద సంతకం చేశాడు. సొమ్ము కట్టి, రసీదు మడిచి, ఇద్దరూ మెట్లవైపు నడిచారు.

సగం మెట్లమీద ఆయన ఆగిపోయాడు. "ఇంతకీ మనం గెలిచామంటావా, ఓడామంటావా?"

"ముందు మెట్లు చూసుకొని దిగండి," అన్నదామె, ఆయన మోచేయి పట్టుకొని.