జొన్నచేను చుట్టూ ముళ్లకంప

పెద్ద యుద్ధం రోజులు. మృగశిర దాటిన వారానికి గద్వాల దగ్గర కృష్ణ మీది రైలు వంతెన కాపలాకు నన్ను వేశారు. నలుగురం జవాన్లం, ఒక హవల్దారు. రేకుల గుడిసె, నీళ్లకుండ, తలా ఒక తుపాకి. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా నా పహరా. యుద్ధం మా దాకా రాలేదు. ఎండ మాత్రం వచ్చింది.

మాది పాకాల చెరువు కింద వరి పండే ఊరు. నీళ్లు, బురద, పచ్చగడ్డి తప్ప నాకు వేరే సేద్యం తెలియదు. ఇక్కడ రైలుకట్ట దిగగానే తిమ్మప్ప పొలం. పైన ఎర్ర చెల్కలో వానకారు జొన్న. కింద నల్లరేగడి దున్ని ఉంచాడు. ఉత్తర కార్తె వానకు అది తడిశాక, ఆ తడి ఆరేలోగా యాసంగి జొన్న విత్తాలి. ఆ ఇంటికి ఏడాది తిండి అదే. ఉన్నవి రెండెద్దులు. కాడికి కుడి పక్క కరియ అనే నల్లెద్దు, ఎడమ పక్క తెల్లెద్దు.

శ్రావణంలో చినుకు లేదు. చెల్కలో జొన్న మోకాలెత్తున ఆగిపోయి ఆకులు ముడుచుకుంది. తిమ్మప్ప దాని చుట్టూ ముళ్లకంప వేశాడు. బయట ఎద్దుల ఎముకలు తేలుతున్నాయి.

"ఇంత పచ్చ పెట్టుకొని ఎడ్లను ఎండబెడ్తున్నవ్. ఎంత పిసినారివి మామా!" అని ఏడిపించేవాణ్ని.

"వాన పడనీ బిడ్డా. అప్పుడు పెడ్త," అనేవాడు. అంతకంటే చెప్పాలని ఆయనకు తోచలేదు. అక్కడ అందరికీ తెలిసిన సంగతే మరి.

ఒకరోజు తెల్లెద్దుకు నాడాలు వేయించడానికి గద్వాల పోతూ, కరియను కట్ట కింద కట్టేశాడు. "జర జూస్తుండు బిడ్డా," అన్నాడు.

మధ్యాహ్నం ఎద్దు చేను వైపు మెడ చాచింది. నా మనసు ఆగలేదు. కంప పక్కకు లాగి, రెండు కట్టలు కోసి నా చేత్తోనే తినిపించాను. దాని గరుకు నాలుక అరచేతికి తగులుతుంటే ఎంత మురిసిపోయానో!

కాసేపటికి కరియ తూలింది. నోట నురుగు. రొప్పుతూ కూలబడింది. నా కేకకు హవల్దారు పరుగెత్తి వచ్చాడు. ఆయన వనపర్తి దిక్కు రైతు బిడ్డ.

"ఏం బెట్టినవ్‌రా?"

"జొన్న, సాబ్."

"వాన లేక ముడుసుకున్న జొన్న విషం రా! గింత తెల్వదా నీకు?"

బెల్లం నీళ్లు తెచ్చి పోశాడు. గొంతు దిగలేదు. కాసేపటికే కరియ ప్రాణం పోయింది.

సాయంత్రం తిమ్మప్ప వచ్చాడు. ఎద్దు పక్కన కూర్చుని దాని గంగడోలు నిమిరాడు. నేను ఆయన కాళ్ల మీద పడ్డాను.

"లే బిడ్డా. దాని ఆకలి జూసి బెట్టినవ్. తెల్వకపాయె."

తిట్టి ఉంటే బాగుండేది. ఆయన లేచి, నేను లాగిన కంపను మళ్లీ చేనుకు అడ్డం వేశాడు. "ఇంకొకరి గొడ్డు వస్తది," అన్నాడు.

ఉత్తర వాన కోరినట్టే కురిసింది. ఊరంతా ఒకేసారి విత్తనాల మీద ఉంది. ఒంటెద్దుతో విత్తలేం. ఎద్దులు ఎవరిస్తారు? జవాన్లమే విత్తే గొర్రు లాగబోయాం. ఆ జిగట రేగడిలో నాలుగడుగులు పోలేదు. హవల్దారు ఇల్లిల్లూ తిరిగి ఒక్కరోజుకు ఒక జత అడిగి తెచ్చాడు. సగం విత్తారు. మళ్లీ ఎద్దులు దొరికేసరికి పైతడి ఆరిపోయింది. మిగతా సగంలో వేసిన గింజ మొలవలేదు.

పుష్యంలో నాకు బదిలీ వచ్చింది. ఆ పొద్దున తిమ్మప్ప గుడిసె దగ్గరికి రొట్టెల మూట తెచ్చాడు. "పయనంల తిను."

"ఈయేడు మీకే సాలవు గద మామా."

"సగం పండుతది గద బిడ్డా. తీస్కో."

రైలు కట్ట మీదుగా పోతుంటే కిటికీలోంచి చూశాను. సగం చేను నిలువెత్తు పచ్చగా ఉంది. సగం నెర్రెలు విచ్చి నల్లగా ఉంది. ఒళ్లో రొట్టెలు ఇంకా వేడిగానే ఉన్నాయి.

ఇంటికొచ్చి ఎన్నో ఏళ్లయింది. యుద్ధం సంగతులు చెప్పమని మనవలు అడుగుతారు. నాకు గుర్తొచ్చేది ఆ పొద్దున రైలు కిటికీలోంచి చూసినప్పుడు, ఆ నల్ల సగంలో నిలబడిన తెల్లెద్దు. మీద కాడి లేదు. అయినా ఎడమకు ఒదిగి, కుడి పక్కన కరియకు చోటు వదిలి నిలబడింది.