కూత ఆపమన్న కోచ్

నల్లపాడు అవతల మా ఊళ్ళో, మిరపకాయ ఎత్తేశాక కల్లమే మా కబడ్డీ కోర్టు. నేలలో మిగిలిన ఘాటు, గీరుకుపోయిన మోచేతులకు తగిలి భగ్గున మండేది. అద్దంకి నుంచి వచ్చిన జట్లవాళ్ళు కూత మధ్యలో తుమ్మి అవుటయ్యేవాళ్ళు. మాకు తుమ్ములు రావు. గొప్పేమీ లేదు, అలవాటు.

కబడ్డీ టీవీలోకి వచ్చి, ఆటగాళ్ళను జీతాలకు తీసుకోవడం మొదలైన తొలి రోజుల్లోనే ఒక జట్టు నన్ను తీసుకుంది. ఆ సంగతి చెబితే మా నాన్న పత్తిచేలో గుంటక ఆపాడు.

"ఆటకి జీతమేందిరా? ఎవడన్నా మోసం చేస్తన్నాడేమో చూసుకో!"

నా మొదటి మ్యాచ్ టీవీలో చూసేదాకా ఆయన నమ్మలేదు. అప్పుడు కూడా, నలుగురు కలిసి నన్ను పట్టి పడేస్తుంటే లేచి వాళ్ళను బండబూతులు తిట్టాడట.

కొన్నాళ్ళకు నా ఎడమ మోకాలు వాచింది. డాక్టరు ఆడొద్దన్నాడు. జట్టు యాజమాన్యం మాత్రం మోకాలు జాగ్రత్త అంటూనే సెమీఫైనల్ గెలవాలంది. కుండలో కూడు కుండలోనే ఉండాలి, పిల్లాడు గుండ్రాయిలా ఉండాలి! నాకూ ఆడాలనే ఉంది. కోచ్‌ని బతిమాలాను. ఆయన బ్యాండేజీ బిగించి చుట్టాడు. మొదటి కూతలోనే ఒకడు నా చీలమండ పట్టాడు. ఒళ్ళంతా తిరిగింది, మోకాలు తిరగలేదు. మళ్ళీ నేను మ్యాట్ ఎక్కలేదు.

ఇప్పుడు ఊళ్ళోనే కోచ్‌ని. నా జట్టులో మంచి రైడర్ ఒకడున్నాడు. పగలంతా గుంటూరు యార్డులో మిర్చి టిక్కీ బస్తాలు మోసి, సాయంత్రం కోర్టులోకి దిగితే అతన్ని ఆపేవాడు ఉండడు. ఈమధ్య ఒంగోలులో ఒక పెద్ద జట్టు వాళ్ళు సెలక్షన్లు పెట్టారు. సరిగ్గా ఆ వారమే అతని మోకాలు వాచింది. నొక్కి చూశాను. ఆ వాపు నాకు బాగా తెలుసు.

"ఈసారికి వద్దురా. వచ్చే ఏడు చూద్దాం."

"వచ్చే ఏడు నన్నెవడు పిలుస్తాడన్నా? బ్యాండేజీ చుట్టు, చాలు."

"చుట్టను."

"నువ్వు ఆడలా? నీకో న్యాయం, నాకో న్యాయమా?"

నాకు జరిగింది చెప్పబోయాను. వినకుండా వెళ్ళిపోయాడు. ఇంకెవరితోనో కట్టు కట్టించుకుని ఒంగోలు పోయాడు. ఎంపికయ్యాడు.

టీకొట్టు దగ్గర ఊళ్ళోవాళ్ళు నా ఎదుటే అన్నారు. "తాను తినడు, ఇంకొకణ్ణి తిననీడు. కడుపుమంట." ఒళ్ళు మండి గ్లాసు బల్లమీద కొట్టి లేచి వచ్చాను. మొత్తంగా అబద్ధమైతే అంత కోపం వచ్చేది కాదేమో. అతను ఎంపికయ్యాడని విన్న రోజు నాకు అన్నం సయించలేదు. అతని మోకాలి గురించిన భయం నిజమే. ఈర్ష్య కూడా నిజమే. ఏది ఎంతో తేల్చుకోవడం నా వల్ల కావడం లేదు.

అతని మొదటి మ్యాచ్‌కి ఊరంతా టీవీలో స్కోరు చూస్తుంటే నేను అతని మోకాలే చూస్తూ కూర్చున్నాను. రెండో సగంలో ఒకడు వెనక నుంచి వచ్చి అతని చీలమండ పట్టాడు. నా చెయ్యి నా ఎడమ మోకాలి మీదికి పోయింది. అతను మెలి తిరిగాడు, పడ్డాడు, పాకాడు, చెయ్యి చాచి మధ్యగీత ముట్టుకున్నాడు. అందరూ ఈలలు వేశారు. నాకు ఏడుపు ఆగలేదు.

ఆ తర్వాత ఫోన్ చేశాడు.

"చూశావా అన్నా? నాకేం కాలా. నీ మాటే తప్పు."

"అవున్రా, నాదే తప్పు," అన్నాను.

సీజన్‌లో ఇంకా చాలా మ్యాచ్‌లున్నాయి. ప్రతి మ్యాచ్‌కీ, నా మాట తప్పే కావాలని దణ్ణం పెట్టుకుని టీవీ ముందు కూర్చుంటున్నాను.