దేవదానం అన్న గిటారు స్పీకరు

1987, వానాకాలం. కరీంనగర్‌లో మా ఇంటి ముందుగదే మా దుకాణం. మైకు సెట్లు, రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసేవాళ్లం. గోడకు ధర్మపురి నరసింహస్వామి పటం, దాని కింద పనిబల్ల. ముసురు పట్టిన రోజుల్లో సోల్డరింగు పొగ బయటికి పోలేక, అగరుబత్తి పొగతో కలిసి గదిలోనే మెల్లగా తిరుగుతుండేది.

నేను బడికి పోలేదు. అక్షరాలైనా, కరెంటును తీగ ఎంత అడ్డుకుంటుందో చెప్పే ఓమ్స్ లెక్కలైనా మా నాన్న, బాపు, ఇంట్లో కూర్చోబెట్టి నేర్పినవే. అంతకు ముందు ఆయన మగ్గం నేసేవాడు. ఈ పనిలోకి వచ్చాక స్పీకర్లన్నీ నాకే వదిలేశాడు. స్పీకరులో గరాటులా కనిపించే కాగితాన్ని కోన్ అంటారు. దాని మెడకు చుట్టిన సన్నని రాగితీగ వాయిస్ కాయిల్. ఆ కాయిల్‌ను అయస్కాంతం సందులో ఎటూ తగలకుండా నిలబెట్టే ముడతల గుడ్డ స్పైడర్. చిరిగిన కోన్ తీసేసి కొత్తది అతకడమే రీకోనింగ్. అతికాక స్పీకరును వెల్లకిలా పెట్టి, కోన్‌లో చిటికెడు ఆవాలు వేసి పాట పెట్టేదాన్ని. గింజలు అంతటా సమంగా ఎగిరితే కాయిల్ నడుమ ఉన్నట్టు. ఈ పద్ధతి ఏ పుస్తకంలోనూ చదవలేదు, పోపుడబ్బా పక్కన దొరికింది.

ఆ ముసురులో ఒక ఉదయం దేవదానం అన్న వచ్చారు. యాభై దాటిన మనిషి. బెల్లంపల్లి నుంచి బస్సులో, దుప్పట్లో చుట్టిన ఆంప్లిఫయర్‌ను ఒళ్లో పెట్టుకొని వచ్చారట. భుజాన గిటారు. పదహారేళ్లు బాయిలో డ్రిల్లింగు పని చేశారు. బొగ్గుగనిని అక్కడ బాయి అంటారు. సాయంత్రాలు క్లబ్బులో గిటారు వాయించేవారు. రేడియోలో విన్న ఇంగ్లీషు రాక్ పాటలను చెవితోనే పట్టి నేర్చుకున్నారు.

"చెల్లె, దీని గొంతు పోయింది," అన్నారు. "ఒకప్పుడు తీగ మీటితే లోపల ఎవరో గురగుర మాట్లాడినట్టుండేది. రెండేండ్ల సంది వస్తలే. ఆ సౌండ్ మళ్ల వస్తే వాయిస్త. రాకపోతే గిటార్ చర్చిల ఇచ్చేసి ఊకుంట."

"ఊకునుడెందుకన్నా, కొత్తది కొనుక్కోవచ్చు గద. ట్రాన్సిస్టర్లయి మస్తు వస్తున్నయ్."

"విన్న. తేటగున్నది. నాకు తేట వద్దు."

వెనక పలక తీసి చూశాను. వాల్వ్ ఆంప్లిఫయర్. వాల్వ్ అంటే లోపల తీగ ఎర్రబడి వెలిగే గాజు గొట్టం. స్విచ్ వేసిన కాసేపటికి నాలుగు గొట్టాలూ పటం ముందటి దీపాల్లా మెల్లగా వెలిగాయి. చూస్తూ ఉండిపోయాను. వాల్వ్‌ల గుణం వేరు. శక్తికి మించి అడిగితే ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ శబ్దాన్ని కత్తిరించినట్టు తెంపేస్తుంది. వాల్వ్ మాత్రం నెమ్మదిగా బరువెక్కి, బొంగురుపోతుంది. ఆయన అడిగే గురగుర అదే. ఆంప్లిఫయర్ బాగానే ఉంది, దాన్ని మార్చొద్దని చెప్పాను. పాడయింది అదే పెట్టెలో ఉన్న స్పీకరు. పన్నెండించులది, కోన్ అంచు పొడుగునా చిరిగి ఉంది.

ఇక్కడే నేను పొరపాటు చేశాను. మైకు సెట్ల పనిలో పగిలే శబ్దమంటే రోగం. పెళ్లిలో మంత్రాలు, గుడిలో భజన మూడు వీధుల అవతలికి తేటగా వినబడాలి. అందుకని మేం బరువైన అయస్కాంతం, మందమైన కోన్ ఉన్న స్పీకర్లే వేస్తాం. ఆ అలవాటుతోనే ఆయన పెట్టెలోనూ ఓమ్స్ కలిసే కొత్త పెద్ద స్పీకరు బిగించాను. ఆంప్లిఫయర్ వాట్లు పదిహేనే, నేను వేసింది యాభై తట్టుకునేది. గట్టి పని చేశానని మురిసిపోయాను కూడా.

వారం తర్వాత ఆయన వచ్చి వాయించారు. గది నిండా శుభ్రమైన శబ్దం. వాయిస్తూ వాయిస్తూ మధ్యలో చెయ్యి ఆపేశారు.

"ఎట్లున్నదన్నా?"

"అన్నం మంచిగనే ఉడికింది చెల్లె. ఉప్పు లేదు."

బాపు మూల నుంచి అందుకున్నాడు. "దొర బంగ్లకు కట్టే తలుపు తెచ్చి పిట్టగూటికి పెట్టినవ్ బిడ్డ. పదిహేను వాట్లతోని అది కదులుతదా?"

దేవదానం అన్న నవ్వి, గిటారును సంచిలో పెట్టి జిప్పు లాగారు. ఆ జిప్పు చప్పుడు నాకు బాధగా తగిలింది. బయట వాన పెరగడంతో ఆయన వీధి వైపు తిరిగి కుర్చీలో కూర్చుండిపోయారు. మధ్యాహ్నమయింది. స్వామికి నైవేద్యం పెట్టి, కుర్చీలో ఉన్న అన్న వెనకే నిలబడి గంట కొట్టాను. హారతి కళ్లకద్దుకొని వచ్చి, "గంట లొల్లికి ఏమనుకోకన్నా," అన్నాను.

"ఏ గంట?"

బాపు, నేను ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. బాపు లేచి ఆడియో జనరేటర్ బల్ల మీద పెట్టాడు. డయల్ తిప్పితే లావు శబ్దం నుంచి సన్నటి శబ్దం దాకా ఒక్కొక్కటే పలికించే యంత్రమది. "పరేషాన్ గాకు. వినస్తున్నంతసేపు చెయ్యెత్తి ఉంచు," అని దాన్ని ఆయన ముందు పెట్టి డయల్ తిప్పసాగాడు. లావు శబ్దానికి చెయ్యి లేచింది. నడిమి శబ్దాలకూ అట్లాగే ఉంది. ఇంకా గంట శబ్దమంత సన్నం కాకముందే చెయ్యి మెల్లగా దిగి ఒళ్లో వాలింది. నాకింకా శబ్దం స్పష్టంగా వినబడుతూనే ఉంది.

"ఇప్పుడు మోగుతున్నదా?" అని అడిగారు.

"మోగుతున్నదన్నా."

వాన వైపు తిరిగారు. "డ్రిల్లు చెవుల పక్కనే ఉండేది," అన్నారు. "పిట్టలు తక్కువైనయ్ అనుకున్న."

నేను స్వామి పటం వైపు చూశాను. తప్పు స్పీకరు చిరుగుది కొంతే, మిగతాది డ్రిల్లు మొద్దుబార్చిన చెవులది. నేను బిగించిన కొత్త స్పీకరులోని తేటదనమంతా ఆయనకు అందని ఎత్తులో ఉంది. ఆయనకు మిగిలింది నడిమి శబ్దాలు. పాత స్పీకరు పలుచటి కాగితం వణుకుతూ గురగురలాడేది సరిగ్గా అక్కడే.

"పదిరోజులు ఇయ్యన్నా," అన్నాను. "గిటార్ మాత్రం ఎవరికీ ఇయ్యకు."

కొత్తది ఊడదీసి పాత చట్రాన్నే కడిగాను. దొరికిన కోన్‌లలో అన్నిటికన్నా పలుచనిది ఏరాను. వానకు మెత్తబడకుండా మామూలుగా కోన్‌కు పూసే లక్క, కాగితం బిరుసెక్కుతుందని, ఈసారి పూయలేదు. స్పైడర్ గుడ్డకు గంజి పెడుతుంటే బాపు వచ్చి గిన్నెలో వేలు ముంచాడు.

"చిక్కగున్నది. పడుగుకు గంజి ఎక్కువైతే ఏమైతదే?"

"పోగు బిరుసెక్కి తెగుతది."

"మరి? జర నీళ్లు పొయ్యి."

పోశాను. రెండుసార్లు ఆవాలు ఒక పక్కకే జారాయి. రెండుసార్లూ విప్పి మళ్లీ అతికాను. మూడోసారి గింజలన్నీ ఒక్కతీరుగా ఎగిరాయి.

దేవదానం అన్న వచ్చిన రోజు వాన లేదు. గింజలు ఆయనకూ చూపిద్దామని పెట్టెను వెల్లకిలా పెట్టి, స్పీకరు మీది జాలిగుడ్డ తీసి, ఆవాలు కోన్‌లోనే ఉంచాను. ట్రెబుల్, అంటే సన్నటి శబ్దం, తగ్గించి నడిమి శబ్దాన్ని పెంచి, వాల్యూమ్ ఆయనకే వదిలేశాను. సగం దాటించి ఒక్క తీగ మీటారు. శబ్దం మొదట గుండ్రంగా వచ్చి, తర్వాత అంచున చిట్లి, గొంతు జీరబోయినట్టయింది. మైకు సెట్‌లో ఆ శబ్దం వస్తే నేను వెంటనే స్విచ్ ఆపేదాన్ని. ఆయన కళ్లు మూసుకున్నారు. ఇంకో తీగ. తర్వాత ఏదో పాట, నేనెప్పుడూ విననిది. నల్లటి గింజలు చినుకుల్లా లేచి పడుతున్నాయి, గాజు గొట్టాలు ఎర్రగా వెలుగుతున్నాయి. గోడలు, వీధి అన్నీ కొంచెం దూరంగా జరిగినట్టనిపించింది. ఎంతసేపు వాయించారో నేను చూసుకోలేదు.

ఆపాక అరచెయ్యి పెట్టె మీద పెట్టి, "మాట్లాడుతున్నది," అన్నారు. "ఇంకెన్నేండ్లు వినస్తదో గని చెల్లె, వినచ్చినన్ని దినాలు వాయిస్త."

"చర్చిల ఇస్తనంటివి?" అన్నాడు బాపు.

"ఇయ్య. చర్చికి నేనే పోయి వాయిస్త."

ఆ కుర్చీ ఇప్పటికీ మా దుకాణంలో ఉంది. స్పీకరు బాగుచెయ్యమని వచ్చిన ప్రతివారినీ అందులో కూర్చోబెట్టి ముందు డయల్ తిప్పుతాను. ఎవరి చెవి కోసం చేస్తున్నానో తెలియకుండా కోన్ అతకను. దేవదానం అన్న నేర్పిన పాఠమది.

ఇంకొకటి కూడా నేర్పారు. రోజూ స్వామి ముందు గంట కొట్టాక ఇదివరకు వెంటనే పనిలో పడేదాన్ని. ఇప్పుడు ఆ శబ్దం సన్నబడి, సన్నబడి, పూర్తిగా ఆగిపోయేదాకా కదలకుండా నిలబడతాను. అంతదాకా వినిపించినందుకు దండం పెట్టుకొని, అప్పుడు బల్ల దగ్గరికి పోతాను.