తెరకు అవతలి టేపు

మొన్న మా మనవడి బారసాలలో రెండో బంతి భోజనాలు లేవకముందే, మా చిన్నమ్మాయి నాలుగు ఫోన్లలో తీసిన ముక్కలన్నీ తన ఫోన్లోకి లాక్కుని, పాట తగిలించి, ఒకే వీడియోగా చేసి నా ముందు పెట్టింది. నాలుగూ నాలుగు కంపెనీల ఫోన్లు. అందులో ఒక ముక్క గుంటూరు నుంచి మా తోడల్లుడు పంపింది. ఎక్కడా అతుకు కనపడలేదు. పిల్ల నా మెచ్చుకోలు కోసం చూస్తుంటే, నాకేమో పొదిలిలో మా ముందుగదీ, ఒక మూడు రంగుల వైరూ గుర్తొచ్చి నవ్వు ఆగలేదు. పెళ్ళయిన ఎన్నాళ్ళకో వచ్చే కేసెట్టు కోసం ఎదురుచూసిన మీలాంటివాళ్ళకైతేనే ఆ సంగతి చెప్పబుద్ధవుతుంది.

రెండువేలు దాటిన కొత్తలో పొదిలి మొత్తానికి కంప్యూటరు మీద పెళ్ళి వీడియో మిక్సింగ్ చేసేవాణ్ణి నేనొక్కణ్ణే. చెప్పొద్దూ, ఆ రోజుల్లో నేను నేల మీద నడిచినట్టు గుర్తు లేదు. గుంటూరులో అదే పని మా తోడల్లుడు, అంటే మా ఆవిడ అక్కగారి భర్త, చేసేవాడు. ఆయన కెమెరా ఒక కంపెనీది, నాది ఇంకొకటి. ఆయన సాఫ్ట్‌వేరు వేరు, నాది వేరు. పండక్కి అత్తగారింట్లో కలిస్తే అరిసెలు కూడా పక్కనపెట్టి, ఎవరి కెమెరాలో ఎరుపు ఎరుపులా వస్తుంది, ఎవరి కంప్యూటరు మధ్యలో బిగుసుకుపోతుంది అని వాదించుకునేవాళ్ళం. చివరికి మాటలే మానేశాం. ఇంట్లో నేనాయన్ని 'గుంటూరాయన' అనేవాణ్ణి, అక్కడ ఆయన నన్ను 'పొదిలాయన' అనేవాడట.

అలాంటప్పుడు మా పక్క ఊరి రైతు ఒకాయన కూతురి పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురి వైపు వీడియో నాకిచ్చారు. పెళ్ళికొడుకుది గుంటూరు వైపు, వాళ్ళు పెట్టుకున్నది సాక్షాత్తూ మా తోడల్లుణ్ణే! పెళ్ళి వారం ఉందనగా ఆ రైతు మిర్చి యార్డులో లారీ మీది టిక్కీల, అంటే మిర్చి బస్తాల మీంచి జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. గుంటూరు ఆస్పత్రిలో కాలికి బరువులు కట్టి పడుకోబెట్టారు. ముహూర్తం మార్చొద్దని ఆయనే పట్టుబట్టాడు, కన్యాదానం తమ్ముడూ మరదలూ చేసేలా మాట్లాడుకున్నారు. నన్ను ఆస్పత్రికి పిలిపించి ఆయన అడిగింది ఒక్కటే.

"మిగతాది ఎట్టా తీసినా పర్లేదయ్యా. తెర దించినప్పుడు మా అమ్మాయి మొహం నాకు చూపించాలి. పదహారు రోజుల పండక్కి అందరూ ఇక్కడికే వస్తామన్నారు, ఆ రోజు చూస్తా."

సరేనన్నాను. అనడమైతే అన్నాను గానీ మా వృత్తిలో ఒక పద్ధతుంది. వధూవరుల మధ్య తెర పట్టుకున్నాక ఎవరి వీడియో మనిషి వాళ్ళ పెళ్ళివారి వెనకే నిలబడాలి. అవతలివైపు అడుగుపెట్టి రెండోవాడి ఫ్రేములో తల పెట్టడం మహా అపచారం. కాబట్టి నాకు దొరికేది పెళ్ళికొడుకు మొహం, పెళ్ళికూతురి మొహం మా తోడల్లుడికి. తరవాత టేపులు మార్చుకోవడం మామూలే. ఆ ధైర్యంతోనే జీలకర్రా బెల్లం వేళ నా వైపు నేను కదలకుండా నిలబడ్డాను.

పెళ్ళయిన పది రోజులకి ఆయన టేపు గుంటూరు బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాడు. నా కెమెరాలో పెట్టాను. ఏముంది, బొమ్మంతా గళ్ళు గళ్ళుగా విరిగిపోయింది. మంగళవాద్యం పుక్కిలించినట్టు వినపడింది. కెమెరాలో టేపు చదివే హెడ్డు శుభ్రం చేశాను, ముందుకు తిప్పాను, వెనక్కి తిప్పాను, ఊహూఁ. ఫోన్ చేస్తే, తన కెమెరాలో పాలలా ఆడిందన్నాడు. లోపం నా కెమెరా కంపెనీదే అన్నాడు. తీరా ఆరా తీస్తే, గంట టేపు గంటన్నర రావాలని నిదానం స్పీడులో పెట్టి తీశాడు మహానుభావుడు! ఆ స్పీడులో తీసింది ఆయన కెమెరాలో తప్ప నా కంపెనీ కెమెరాలో ఆడదు. నాకు ఒళ్ళు మండి ఫోన్ పెట్టేశాను. పదహారు రోజుల పండక్కి ఇంకా ఐదు రోజులుంది.

ఆ పూట అన్నం సయించలేదు. కళ్ళు మూసుకుంటే బరువులు కట్టిన ఆ కాలే కనపడేది. సాయంత్రం మళ్ళీ ఫోన్ చేసి, నా పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి "అన్నయ్యా" అన్నాను.  పొద్దున మొదటి బస్సుకి వస్తున్నానన్నాడు.

వచ్చాడు, కెమెరాని తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని. కేబులు తగిలిస్తే నా సాఫ్ట్‌వేరు ఆయన కెమెరా ముఖం కూడా చూడనంది. తన సాఫ్ట్‌వేరు సీడీ తీసి ఎక్కించాడు. అది ఎక్కుతూనే బొమ్మని కంప్యూటర్లోకి లాగే నా కార్డుని కనపడకుండా చేసింది. ఆ సాఫ్ట్‌వేరు తీసేస్తే అసలు కంప్యూటరే లేవలేదు. తోడల్లుళ్ళం ఇద్దరం కొట్టుకున్నది చాలదన్నట్టు పెట్టె లోపల అవీ కొట్టుకున్నాయి. అన్నీ చెరిపి మొదటినుంచి ఎక్కించేసరికి ఒక రోజు హారతి కర్పూరం.

మర్నాడు మా ఆవిడ, ఎలాగూ బావగారి కెమెరా ఉందిగా, కాస్త ఆ పెళ్ళేదో టీవీలో పెట్టమంది. పసుపు, తెలుపు, ఎరుపు కొసలున్న పాత వైరు టీవీకి గుచ్చాం. బొమ్మ నిండుగా వచ్చింది! మేమిద్దరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. టీవీకి వచ్చినప్పుడు నా కెమెరాకి ఎందుకు రాదు? వైరు అటునుంచి పీకి నా కెమెరాకి గుచ్చి, ఆయనది ఆడిస్తుంటే నాదాంట్లో రికార్డు చేశాం. వేలకు వేలు పోసి కొన్న సరంజామా చేయలేని పని మూలన పడున్న వైరు చేసింది. మీరు నమ్మరు, ఇద్దరం ఈల వేసుకుంటూ గదిలో గంతులేశాం.

ఆయన ఇంటికి పోలేదు, ఉండిపోయాడు. ఆయన బొమ్మ ఎర్రనా, నాది నీలమా, రెండూ ఒక రంగుకి తేవడానికి రెండు రోజులు పట్టింది. పెళ్ళికొడుకుని గులాబీలోంచి పుట్టించాలని నేను, హృదయాకారంలో తిప్పాలని ఆయన మళ్ళీ వాదులాడుకున్నాం గానీ, తెర దిగే చోట మాత్రం ఏ హంగూ పెట్టకూడదని ఇద్దరం ఒకేసారి అన్నాం.

పండగనాడు ఆస్పత్రి గదిలో టీవీ పెట్టి సీడీ వేశాం. తెర దిగింది. ముందు నేను తీసిన పెళ్ళికొడుకు, ఆ వెంటనే ఆయన తీసిన పెళ్ళికూతురు, తల మీద జీలకర్రా బెల్లంతో మెల్లగా కళ్ళెత్తుతూ. ఆ రైతు మంచం పట్టీ పట్టుకుని కొంచెం లేచాడు. మూడుసార్లు వేయించుకున్నాడు. ఆ తరవాత మా ఇద్దరివంకా చూసి అడిగాడు.

"ఇద్దరు తీశారా? ఒక్కరే అనుకున్నానే."

మా పనికి అంతకన్నా గొప్ప మాట నేను మళ్ళీ వినలేదు. బయటికొచ్చాక అన్నయ్య కళ్ళు తుడుచుకున్నాడు, నేనూ తుడుచుకున్నాను. ఆనాటి నుంచి ఏ టేపు మొరాయించినా ఆయన పొదిలి రావడమో, నేను గుంటూరు వెళ్ళడమో. ఆ రాకపోకల్లోనే మా పిల్లలు పెరిగారు.

ఇప్పుడన్నీ అన్నింటిలోనూ ఆడుతున్నాయి, మంచిదే. మోకాళ్ళ నొప్పులని మొన్నటి బారసాలకు అన్నయ్య రాలేదు. కుర్చీలో కూర్చునే మనవణ్ణి దీవించి, ఆ ముక్క ఫోన్లో పంపాడు. మా అమ్మాయి వీడియోలో అది చక్కగా కలిసిపోయింది, ఒక్క గడి కూడా విరగలేదు. విరిగితే బాగుండేదనిపించింది. మొదటి బస్సుకి కెమెరా పట్టుకుని వచ్చేవాడు.