కొంగ బండి

మా నాన్న తెనాలిలో లారీ డ్రైవరుగా మొదలై, తర్వాత ఓనరయ్యాడు. డ్రైవరుగా తోలినవీ, ఓనరుగా కొన్నవీ అన్నీ ఒకే కంపెనీ బండ్లు. ఆ కంపెనీకి పేరుంది గాని మా లారీ స్టాండులో ఎవరూ ఆ పేరు పలకరు. ముందు గ్రిల్లు మీద రెక్కలు చాపిన కొంగ బొమ్మ ఉంటుంది కనుక అందరికీ అది కొంగ బండి. నా చిన్నప్పుడు మా వీధిలో ఎవరైనా మా ఇల్లు అడిగితే "కొంగ బండి వాళ్లదా?" అని చూపించేవాళ్లు.

మోకాళ్ల నొప్పులొచ్చి నాన్న దూరం ట్రిప్పులు మానేశాక ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నేను చూసుకుంటున్నాను. లారీ ఆఫీసులో ఆడమనిషి కూర్చోవడం మొదట్లో కొందరికి వింతగా ఉండేది. లోడు వేళకి చేరుతోందా లేదా అన్నదే ముఖ్యమని తెలిశాక ఎవరూ పట్టించుకోలేదు.

ఆ కంపెనీ చరిత్ర నేను ఎక్కడా చదవలేదు. నాన్న చెప్పగా విన్నదే. మొదట్లో ఏదో చల్లటి దేశం వాళ్ల దగ్గర డ్రాయింగులు తెచ్చుకుని ఇంజిను ఇక్కడే తయారుచేసేవారట. ఆ దేశం వాళ్లు తప్పుకున్నాక కూడా అదే ఇంజిను ఏళ్ల తరబడి చేశారు. ఏమీ మార్చకపోవడమే దాని గొప్పతనమని నాన్న అనేవాడు. బండి నెల్లూరులో ఆగినా నాగపూరులో ఆగినా అదే బోల్టు, అదే స్పానరు. ఒకసారి తుఫానుకి రేపల్లె దగ్గర బండి నీళ్లలో నిలిచిపోతే, నీళ్లు తీశాక ఆయిలు మార్చి, డీజిలు పైపులు ఊది సెల్ఫు కొట్టాడట. నల్లటి పొగ కక్కి కదిలింది. ఈ కథ మా ఇంట్లో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు.

ఆ బండికి లోపాలుండేవి. ఇంజిను వేడి క్యాబిన్లోకి కొట్టేది. ఎండాకాలం ట్రిప్పు నుంచి వస్తే నాన్న పాదాలు ఎర్రగా కంది ఉండేవి, అమ్మ వెన్న రాసేది. రెండో గేరు పడేటప్పుడు వచ్చే చప్పుడుకి వీధి చివరనుంచే మాకు బండి వచ్చినట్టు తెలిసేది. ఘాటు రోడ్డెక్కితే రేడియేటరు మరిగిపోయేది. ఇవన్నీ నాకు బాగా గుర్తు. నాన్న మాత్రం వాటిని లోపాల్లో లెక్కెయ్యడు. "అడిగి ఆగుద్ది అమ్మా ఆ బండి. చెప్పాపెట్టకుండా ఆగదు," అంటాడు.

తర్వాత ఆ కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కొనేసింది. పొగ తగ్గాలని ప్రభుత్వం కొత్త నిబంధనలు పెట్టడంతో పాత ఇంజిను ఆపేసి, కంప్యూటరుతో నడిచే ఇంజినున్న కొత్త మోడలు తెచ్చారు. మా పాత బండి బాగా అరిగిపోయింది కాబట్టి కొత్తది తీసుకుందామన్నాను. వేరే కంపెనీ షోరూములు కూడా చూద్దామన్నాను. నాన్న ఒప్పుకోలేదు.

కొత్త బండి ఇంటికొచ్చిన రోజు నాన్న దాని చుట్టూ తిరిగి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"కొంగకి కాళ్లేవి?" అన్నాడు.

నిజమే. బొమ్మను సన్నగా, కొత్తగా గీయించినట్టున్నారు. రెక్కలూ ముక్కూ ఉన్నాయి, కాళ్లు లేవు. "ఎగిరేటప్పుడు కనపడవులే నాన్నా," అన్నాను. మేం లూథరన్లం. చర్చి నుంచి అయ్యగారు వచ్చి బండి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆయన వెళ్లాక మా డ్రైవరు నాలుగు నిమ్మకాయలు తెచ్చి టైర్ల కింద పెట్టాడు. నాన్న చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాడు.

ఆ బండిని మేం ఎక్కువగా రొయ్యల లోడుకి వాడాం. రేపల్లె అవతల నగరం అనే మండలంలో చెరువుల దగ్గర ఐసులో వేసిన రొయ్యలు ఎక్కించుకుని రేపల్లె, వేమూరు మీదుగా తెనాలి వచ్చి, అక్కణ్ణుంచి హైవే ఎక్కడం. కొన్ని వారాలు బాగానే నడిచింది. క్యాబిను చల్లగా ఉందని, చప్పుడే లేదని డ్రైవరు మురిసిపోయాడు. ఒక పొద్దున అతని దగ్గర్నుంచి ఫోనొచ్చింది.

"అక్కా, పసుపు లైటొచ్చింది. యాక్సిలేటరు ఎంత తొక్కినా బండి ఎద్దుబండిలాగే పోతోంది."

"ఆపి మళ్లీ స్టార్ట్ చెయ్యి."

"చేశానక్కా. కాసేపు బాగానే పోద్ది, మళ్లీ అదే."

ఆ రోజు లోడు ఆలస్యంగా చేరింది. రొయ్యలు మెత్తబడ్డాయని కొన్నవాళ్లు వెనక్కి పంపారు. బండిని విజయవాడ సర్వీసు సెంటరుకి తీసుకెళ్తే కంప్యూటరు తగిలించి చూసి, ఏదో సెన్సారు మార్చి పంపారు. మళ్లీ అదే అయింది. ఈసారి ఇంకో సెన్సారు మార్చారు. మూడోసారి సర్వీసు మేనేజరు నాతో, "డ్రైవర్లకి కొత్త బండి తోలడం రాదండి మేడం. గేర్లు తప్పు వేస్తే ఇలాగే లైటొస్తుంది," అన్నాడు.

ఇంటికొచ్చి చెప్తే నాన్న కూడా అదే మాటన్నాడు. డ్రైవరు మొహం మాడిపోయింది. "బాబాయ్, పదిహేనేళ్లుగా స్టీరింగు పట్టుకుంటున్నాను," అని మాత్రం అన్నాడు.

ఆ మోడలు కొన్నవాళ్లు ఇంకా ఎవరున్నారో కనుక్కున్నాను. రేపల్లెలో ఐసు ఫ్యాక్టరీ ఓనరు ఒకాయన, బాపట్లలో బియ్యం వ్యాపారి ఒకాయన దొరికారు. ఇద్దరికీ ఫోన్లు చేశాను. ఐసు ఫ్యాక్టరీ ఆయన బండి చెరువుగట్టు మీద ఆగితే జేసీబీ తెచ్చి లాగించాడట. బాపట్ల ఆయన నవ్వుతూనే మాట్లాడాడు. "మాది సూర్యలంక రోడ్డెక్కితే చాలండి, ఆగిపోతది. గుంటూరు వైపు పంపితే గుర్రంలా పరిగెడతది. సముద్రం అంటే భయమేమోనండి దానికి!" ఆయన అన్నది మాకెవరికీ ఆ రోజు పట్టలేదు. నవ్వి ఊరుకున్నాం.

ఈ ఫోన్ల సంగతంతా నాన్న విన్నాడు. మర్నాడు పొద్దున్నే చొక్కా వేసుకుని, "ఈ ట్రిప్పు నేను తోల్తాను. తప్పు బండిదో మనిషిదో తేలిపోద్ది," అన్నాడు. ఆయన మోకాళ్లు తల్చుకుని వద్దన్నాను. వినకపోతే నేనూ ఎక్కి పక్కన కూర్చున్నాను. డ్రైవరు కిటికీ పక్కన సర్దుకున్నాడు.

చెరువు దగ్గర లోడు వేసుకుని బయలుదేరాం. నాన్న చేతులు స్టీరింగు మీద ఎంత తేలిగ్గా ఉన్నాయో చాలా ఏళ్ల తర్వాత చూశాను. రేపల్లె దాటేదాకా లైటు రాలేదు. "చూశారా?" అన్నట్టు మా ఇద్దరి వైపూ ఒకసారి చూశాడు. వేమూరు ఇవతల ఒక రైలు గేటుంది. గేటు తీసే ఉంది. పట్టాల దగ్గర రోడ్డు ఎగుడుదిగుడుగా ఉంటే నాన్న నెమ్మదిగా ఎక్కించాడు. ముందు చక్రాలు పట్టాలు దాటుతుండగా ఒక్క కుదుపుతో ఇంజిను ఆగిపోయింది. ఈసారి పసుపు లైటు కాదు, బోర్డు మీద లైట్లన్నీ వెలిగాయి.

నాన్న సెల్ఫు కొట్టాడు. ఇంజిను తిరిగింది గాని అందుకోలేదు. అప్పుడాయన పాత డ్రైవర్లందరికీ తెలిసిన పని చేశాడు. పాత బండిని ఫస్టు గేరులో పెట్టి, క్లచ్చు వదిలేసి సెల్ఫు కొడితే, ఇంజిను పనిచెయ్యకపోయినా సెల్ఫు మోటారు బలానికే బండి గజం గజం ముందుకి జరుగుతుంది. ఆయన గేరు వేసి, క్లచ్చు మీద నుంచి కాలు తీసి, తాళం తిప్పాడు. ఏ చప్పుడూ లేదు. మళ్లీ తిప్పాడు.

"బాబాయ్, దీనికి క్లచ్చు తొక్కితేనే సెల్ఫు తిరుగుద్ది," అన్నాడు డ్రైవరు.

"క్లచ్చు తొక్కితే చక్రాలెలా కదుల్తాయిరా?"

"కదలవు బాబాయ్."

నాన్న చెయ్యి తాళం మీదే ఉండిపోయింది. ఆ మొహంలో భయం కనపడలేదు నాకు. బాగా తెలిసిన మనిషి ఎదురుపడి, పలకరిస్తే గుర్తుపట్టనప్పుడు ఉంటుందే, అలా ఉంది.

గేటుమాను అరుస్తూ పరిగెత్తుకొచ్చాడు. "దిగండి, దిగండమ్మా ముందు!" గేటు మూసి తాళం పడితే తప్ప సిగ్నలు ఇవ్వడానికి లేదని, రైలు దూరంగానే ఆగుతుందని దిగాక చెప్పాడు. ఆ సంగతి అప్పటిదాకా మాకు తెలియదు. అతను స్టేషనుకి ఫోను చేశాడు. తెనాలి వైపు నుంచి వస్తున్న ప్యాసింజరు మలుపు అవతల ఆగి కూత పెట్టింది. కాసేపటికి జనం దిగి పట్టాల వెంట నడుచుకుంటూ వచ్చి మా బండి చుట్టూ మూగారు. ఒకావిడ సంచీ కింద పెట్టి, "ఏంటమ్మా, కొత్త బండేనా?" అని నన్నడిగింది. అవునండి అన్నాను. "కొత్త బండే!" అని వెనకవాళ్లకి చెప్పింది.

డ్రైవరు పక్క పొలాల్లోకి పరిగెత్తి రెండు ట్రాక్టర్లని పిలుచుకొచ్చాడు. గొలుసులు కట్టి లాగితే బండి పట్టాలు దిగింది. రైలు మా ముందు నుంచే వెళ్లింది. కిటికీల్లోంచి అందరూ మమ్మల్నే చూశారు. నాన్న తల దించుకోలేదు గాని ఎవరివైపూ చూడలేదు.

రైల్వే పోలీసులు నాన్నని తెనాలి తీసుకెళ్లి ఏం జరిగిందని అడిగారు. మాటలు తడుముకోకుండా, "బండి చెప్పకుండా ఆగిందండి. నా తప్పు లేదు, గేటుమాను తప్పూ లేదు," అన్నాడు. బయటికొచ్చాక డ్రైవరు భుజం మీద చెయ్యి వేసి కాస్త దూరం నడిచాడు. ఆయన ఏమన్నాడో నాకు వినపడలేదు. డ్రైవరు మాత్రం కళ్లు తుడుచుకున్నాడు.

నాన్నా నేనూ విజయవాడ వెళ్లాం. రేపల్లె ఆయనా బాపట్ల ఆయనా కూడా వచ్చారు. సర్వీసు మేనేజరు మళ్లీ డ్రైవర్ల మాట ఎత్తబోతే నాన్న ఆపాడు. "పట్టాల మీద ఆగినప్పుడు స్టీరింగు నా చేతుల్లో ఉంది బాబూ. మీ కొంగ బొమ్మ మీకంటే ముందునుంచి నాకు తెలుసు. ఇవాళ్టి నుంచి మాత్రం దీని సంగతి నాకేం తెలియదనుకోండి. మీలో దీని సంగతి తెలిసినవాళ్లని పంపండి, బండెక్కి చూడమనండి." ఆయన గొంతు పెద్దది చెయ్యలేదు. మేనేజరు ఫ్యాక్టరీకి ఫోను చేశాడు.

తర్వాతి వారం ఫ్యాక్టరీ నుంచి ఇంజినీరొచ్చింది. పాతికేళ్ల పిల్ల, శ్రీకాకుళం వైపు యాసలో మాట్లాడింది. షెడ్డులో బండి చూసి వెళ్లిపోతుందనుకున్నాను. "లోడు వేసి పంపండి, నేనూ వస్తాను," అంది. ల్యాప్‌టాపు ఒళ్లో పెట్టుకుని, దాని వైరు డాష్‌బోర్డు కింద తగిలించి, చెరువుగట్ల మీద పొద్దంతా తిరిగింది. నాన్న తన సీటు ఆమెకిచ్చి వెనక బెర్తు మీద కూర్చున్నాడు. గుంట పడిన ప్రతిసారీ ఆమె తెర మీద ఒక గీత తెగుతోంది. ఒకచోట బండి ఆపించి, చున్నీ నడుముకి బిగించి కిందికి దూరింది. బయటికొచ్చినప్పుడు చేతిలో వైర్లు కలిపే ప్లగ్గు ఒకటి ఉంది. దాని లోపలి పిన్నులన్నీ ఆకుపచ్చగా చిలుము పట్టి ఉన్నాయి.

"ముందు చక్రం వెనకాల ఉందండి ఇది. ఈ గట్ల మీద ఉప్పు నీళ్లు చక్రం చిమ్ముతుంటే లోపలికి దిగిపోతున్నాయి. నీళ్లు ఆపాల్సిన రబ్బరు సన్నంగా ఉంది. పిన్నులు చిలుము పట్టి, బండి కుదిపినప్పుడల్లా ఇంజిను కంప్యూటరుకి సిగ్నలు తెగిపోతోంది."

"పాత బండికి ఈ ప్లగ్గే లేదు కదమ్మా," అన్నాడు నాన్న.

"పాత బండి వదిలిన పొగ కూడా చూశాం కదండీ," అందామె నవ్వుతూ.

నాన్న కూడా నవ్వాడు. ప్లగ్గు చేతిలోకి తీసుకుని అడిగాడు. "బండిని టెస్టు ఎక్కడ చేస్తారమ్మా?"

"ఎడారిలో చేశామండి, కొండల మీద చేశాం, మంచులో కూడా."

"చెరువుగట్ల మీద?"

"లేదండి. అందుకే వచ్చాను."

కంపెనీ ఆ ప్లగ్గు మార్చింది. మా బండికే కాదు, తీరం వెంట ఉన్న బండ్లన్నిటికీ ఓనర్లని పిలిచి మార్చారు. దానికి 'ఉచిత వర్షాకాల తనిఖీ' అని పేరు పెట్టారు గాని తప్పు తమదని ఎక్కడా అనలేదు. బాపట్ల వ్యాపారి అప్పటికే విసిగిపోయి బండి అమ్మేశాడు. కొన్నతను చక్కగా నడుపుకుంటున్నాడని నాతో చెప్పినప్పుడు ఆయన గొంతులో నవ్వు లేదు. కొంతకాలానికి ఆ మోడలు తయారీ కూడా ఆపేశారు.

మా బండి ఆ తర్వాత మళ్లీ ఆగలేదు. అయినా పట్టాల దగ్గరికొస్తే డ్రైవరు బండి ఆపి, దిగి ఇటూ అటూ చూసి, అప్పుడు దాటిస్తాడు. పనికి ఇంకో లారీ కావాల్సొచ్చినప్పుడు నేను వేరే కంపెనీది చూశాను. నాన్నకి చెప్పడానికి రెండు రోజులు మాటలు వెతుక్కున్నాను. ఆయన విని, "ఎప్పుడెళ్దాం?" అన్నాడు. షోరూములో సీటెక్కి కూర్చుని, అద్దాలు సర్దుకుని, అక్కడి కుర్రాడు చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు. తిరిగొచ్చేటప్పుడు మంగళగిరి దాటాక ఆకలేస్తోందన్నాడు. ఆగి టిఫిన్ తిన్నాం.

మొన్నీమధ్య ఆ ఇంజినీరు ఫోను చేసింది. ఇప్పుడు వేరే ఊళ్లో, వేరే కంపెనీలో చేస్తోందట. పెళ్లి కుదిరిందని చెప్పింది. బండెలా ఉందండీ అని అడిగింది. ఇవాళ వేమూరు నుంచి ధాన్యం లోడు మీద ఉందని చెప్పాను. పెళ్లెప్పుడని అడిగి, నాన్న పక్కనే ఉంటే ఫోను ఆయనకిచ్చాను.